ఇరవై ఒక్క రాత్రులు, ఫ్రిజ్‌లో ఉన్నదే భోజనం: ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టక ముందు వారం

కాకినాడలో మా ఇంట్లో నలుగురం ఉంటాము: అత్తయ్యగారు, మావారు, తొమ్మిదో తరగతికి వెళ్లబోతున్న అబ్బాయి, నేను. ఉదయం ఆరింటికి లేచి అన్నం, పప్పు, ఒక కూర వండి, డబ్బాలు సర్ది ఆఫీసుకు వెళ్తాను. తిరిగి వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. ఆ వేళకు ఫ్రిజ్ తెరిస్తే అందులో గిన్నెలకు కొదవ ఉండదు గాని తినడానికి ఏమీ లేనట్టే అనిపిస్తుంది. అప్పుడు కొత్తగా మరో కూర వండుతాను, పాత గిన్నెలు వెనక్కి జరుగుతాయి, ఆదివారం నాడు వాటిలో సగం చెత్తబుట్టకు చేరతాయి. పూర్వం అక్కరకు రానివన్నీ అటక మీదికి ఎక్కించేవారు. ఇప్పుడు ఆ ఉద్యోగం ఫ్రిజ్ చేస్తున్నది.

పారేస్తున్నది ఎంతో తెలియాలని పిండి తూచే చిన్న డిజిటల్ కాటాను ఒక వారం పాటు చెత్తబుట్ట పక్కనే పెట్టాను. తొక్కలు, ముచ్చికలు, గింజలతో కలిపి 4,680 గ్రాములు తేలింది. అందులో నిజంగా తినదగినది, అంటే అన్నం, కూరలు, వడలిన కాయలు, పులిసిన పిండి వంటివి, 2,310 గ్రాములు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన ఆహార వృథా నివేదికలో భారతదేశపు ఇళ్లలో మనిషికి ఏటా 55 కిలోలు వృథా అవుతున్నదని అంచనా వేశారు; తొక్కల వంటి తినలేని భాగాలు కూడా ఆ లెక్కలో ఉంటాయి. మనిషికి రోజుకు 150 గ్రాములు, నలుగురికి వారానికి 4.2 కిలోలు. దుబారా మనిషిని కాదని ఇన్నాళ్లూ అనుకున్న నేను ఆ సగటును కూడా దాటి ఉన్నానన్నమాట.

నియమాలు మూడే పెట్టుకున్నాను. రాత్రి భోజనానికి ఫ్రిజ్‌లోనూ కూరల బుట్టలోనూ ఉన్నవే వాడాలి, బజారుకు మనిషిని పంపకూడదు. బియ్యం, పప్పులు, చింతపండు, పోపుల పెట్టెలోని దినుసులు ఎప్పుడూ ఉండేవే కనుక వాటికి అడ్డు లేదు. పొయ్యి వెలిగించిన దగ్గర నుంచి వడ్డన వరకు 40 నిమిషాలు మించకూడదు.

1వ రోజు, సోమవారం

ముందుగా ఫ్రిజ్ అంతా ఖాళీ చేసి బల్ల మీద పరిచాను. మధ్యాహ్నపు అన్నం రెండు గ్లాసులంత, తాలింపు పెట్టిన దోసకాయ పప్పు ఒక గరిటెడు, శుక్రవారం నాటి కొబ్బరి పచ్చడి, సగం ఆనపకాయ, ఆరు బెండకాయలు, తలకాయ ఎండిన అల్లం ముక్క, సగం కట్ట కొత్తిమీర, గిన్నెడు పుల్లటి పెరుగు, నాలుగు చపాతీలు, రెండు రోజుల క్రితం రుబ్బిన ఇడ్లీ పిండి కనిపించాయి. కొబ్బరి పచ్చడి జిగురు సాగి, వాసన మారింది. దానితోనే తూకం ఖాతా తెరిచాను, 140 గ్రాములు.

పుల్లటి పెరుగు కంటబడగానే మజ్జిగ పులుసు స్ఫురించడానికి ప్రాజెక్టు ఏమీ అక్కరలేదు. ఆనపకాయ ముక్కలను ఉప్పు, పసుపు వేసి విడిగా ఉడికించి, బెండకాయలను జిగురు పోయేదాకా కొద్ది నూనెలో వేయించి, చిలికిన పెరుగులో రెండు చెంచాల శనగపిండి కలిపి, అన్నీ ఒక గిన్నెలోకి చేర్చి సన్నని సెగ మీద కలుపుతూ ఒక పొంగు రానిచ్చాను. శనగపిండి పడితే మజ్జిగ విరగదు. తొందరపడి మంట పెంచితే మాత్రం ఆ పిండి కూడా కాపాడలేదు. మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు వేసేసరికి 35 నిమిషాలైంది. మధ్యాహ్నపు అన్నాన్ని ఆవిరికి పెట్టి వడ్డించాను. దోసకాయ పప్పు అత్తయ్యగారు వేసుకున్నారు.

3వ రోజు, బుధవారం

ఈ రోజు అన్నంతో పేచీ వచ్చింది. నిన్నటి అన్నం మూడు గ్లాసులు మిగిలితే పులిహోర కలుపుదామనుకున్నాను. డబ్బాలోంచి తీస్తే అది ఇటుకలా ఒకే ముద్దగా వచ్చింది. గరిటెతో పొడిస్తే మెతుకులు విరిగిపోయి నూకలా తయారయ్యాయి. చింతపండు పులుసు ఎంత బాగా కుదిరినా మెతుకు లోపలికి దిగలేదు, నోట్లో ఇసుకలా తగిలింది.

వండినప్పుడు నీరు పీల్చి మెత్తబడిన బియ్యపు పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుందనీ, ఫ్రిజ్‌లో ఉండే చలికి ఆ బిగువు మరీ త్వరగా వస్తుందనీ, వేడి ఆవిరి తగిలితే తిరిగి సడలుతుందనీ తెలుసుకున్న తర్వాత మందు సులువుగానే దొరికింది. చేతికి నూనె రాసుకుని, చల్లటి అన్నం ముద్దను వేళ్లతో మెల్లగా విడదీసి, గ్లాసు అన్నానికి ఒక చెంచా చొప్పున నీళ్లు చిలకరించి, ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి 6 నిమిషాలు ఆవిరి పట్టాలి. తర్వాత పళ్లెంలో ఆరబెట్టి, పసుపు, నూనె పట్టించి పులుసు కలిపితే మెతుకు దేనికది విడివిడిగా నిలుస్తుంది. అప్పుడే వండి వార్చిన అన్నంతో కలిపిన దానికంటే ఒక్కొక్కసారి ఇదే బాగుంటుంది. ఈ సంగతి 4వ రోజున రుజువు చేసుకున్నాను గనుక దానికి వేరే పద్దు రాయడం లేదు.

అన్నాన్ని నిలవ చేసే పద్ధతి కూడా మార్చవలసి వచ్చింది. వండిన పదార్థం గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉండరాదని, ఫ్రిజ్ 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన అయిదు సూత్రాలలో చెప్పింది. ఎండ 32 డిగ్రీలు దాటే చోట రెండు గంటలు కాదు, ఒక్క గంటే అని అమెరికా వ్యవసాయ శాఖ సలహా. కాకినాడలో ఈ రోజుల్లో వర్తించేది ఆ రెండోదే. పాత జ్వరమానిని వంటి గాజు ఉష్ణమాపకం ఒకటి గ్లాసు నీళ్లలో ఉంచి, ఆ గ్లాసును రాత్రంతా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి ఉదయం చూస్తే 9 డిగ్రీలు చూపింది. లోపలి అరలో 6 ఉంది. మీట తిప్పి, గాలి తగిలే రంధ్రానికి అడ్డంగా పెట్టిన పచ్చడి జాడీని జరిపాక 4కు దిగింది. పాలను తలుపు నుంచి లోపలి అరకు మార్చాను. మధ్యాహ్నం భోజనం కాగానే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పలచగా ఆరబెట్టి, ఆవిరి పోగానే డబ్బాకెత్తే బాధ్యతను అత్తయ్యగారు తీసుకున్నారు.

ఆ పళ్లెం చూస్తూ ఆవిడ తమ పుట్టింట్లో ఉండే తరవాణి కుండ గురించి చెప్పారు. రోజూ మిగిలిన అన్నం, గంజి అందులో పోసేవారట. పొద్దున్నే ఆ పుల్లటి నీటితో చద్దన్నం, ఒక ఉల్లిపాయ, ఊరుమిరపకాయ. “మాకు ఫ్రిజ్ లేదమ్మాయ్, ఆ కుండే ఫ్రిజ్” అన్నారు.

5వ రోజు, శుక్రవారం

ఇది నిండు వైఫల్యం. అల్లం వెల్లుల్లి మసాలా వేసిన వంకాయ కూర కొద్దిగా, కొబ్బరి కోరు వేసిన గోరుచిక్కుడు కాయ వేపుడు కొద్దిగా, ఆవ పెట్టిన అరటికాయ కూర కొద్దిగా మిగిలాయి. ఏ ఒక్కటీ నలుగురికి చాలదు కనుక మూడింటినీ ఒక మూకుడులో వేసి, టమాటా ముక్కలు చేర్చి మగ్గించాను. రంగు మట్టిలా, రుచి ఎవరిదో తెలియని పెళ్లి భోజనంలో చివరి బంతికి వచ్చిన విస్తరిలా తయారైంది. అబ్బాయి ఒక ముద్ద తిని, “అమ్మా, నాకు పెరుగన్నం చాలు” అన్నాడు. మావారు మర్యాదకు రెండుసార్లు వడ్డించుకున్నారు. 380 గ్రాములు పారేశాను.

రాత్రి గిన్నెలు తోముతూ ఆలోచించగా కూరగాయలలో తప్పేమీ కనబడలేదు. వంకాయ, అరటికాయ, గోరుచిక్కుడు పచ్చివిగా ఉన్నప్పుడు ఒకే పులుసులో చక్కగా కలిసిపోయేవే. కలవనివి వాటి తాలింపులు. ఆవఘాటుకు అల్లం వెల్లుల్లి అడ్డం పడింది, కొబ్బరి తీపి ఆ రెండింటినీ చప్పబరిచింది. ఒకసారి వేసిన తాలింపును వెనక్కి తీసుకోలేము. మిగిలిన వస్తువు పేరేమిటని కాక, దానికి తాలింపు పడిందా లేదా, తడి ఎంత ఉంది, పులుపు ఎంత ఎక్కింది అని అడగాలని డైరీలో గీత గీసి రాసుకున్నాను. తాలింపు పడని దానిని దేనిలోకైనా మార్చవచ్చు. పడిన దానిని దాని దారిలోనే ఇంకొక్క అడుగు నడిపించగలము, అంతే.

6వ రోజు, శనివారం

శనివారం రాత్రి అత్తయ్యగారు అన్నం తినరు, ఫలహారమే. ఇడ్లీ పిండి రుబ్బి వారం దగ్గరపడటంతో ఇడ్లీకి పనికిరానంత పులుపెక్కింది. పులుపు, తడి, తాలింపు లేమి, మూడూ కలిసి ఉన్న ఇలాంటి పిండికి గోదావరి జిల్లాల్లో పుట్టిన వారెవరైనా చెప్పే జవాబు దిబ్బరొట్టె. మందపాటి ఇనుప మూకుడులో మూడు చెంచాల నూనె కాచి, రెండు అంగుళాల మందాన పిండి పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద 20 నిమిషాలు వదిలేశాను. పిండి పలచగా ఉంటే రెండు గుప్పెళ్ల ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు పిండేసి చేర్చవచ్చు. తిరగేసి మరో 7 నిమిషాలు ఉంచాక కింది పొర గవ్వలా కరకరలాడింది, లోపల దూదిలా పొంగింది. బెల్లం పానకంతో అత్తయ్యగారు, అల్లం పచ్చడితో మిగిలినవాళ్లము తిన్నాము.

ఎంగిలి విషయంలో ఆవిడ పట్టింపు నాకు ఇదివరకు చాదస్తంగా కనిపించేది. తింటున్న చేయి గిన్నెకు తగలకూడదు, కంచాన్ని తాకిన గరిటె మళ్లీ కూరలో పడకూడదు అంటారు. ఈ వారం గమనిస్తే, అలా జాగ్రత్తగా వడ్డించిన గిన్నెలోని పెరుగు మూడో రోజుకు కూడా బాగుంది. అబ్బాయి తిన్న చెంచా పెట్టిన గిన్నెలోది మర్నాటికే నీరు కక్కింది. వాదించే ధైర్యం నాకు ఇంక లేదు.

మొదటి వారం లెక్క 1,120 గ్రాములు.

9వ రోజు, మంగళవారం

నాలుగు ఎండు చపాతీలను సన్నగా తురిమినట్టు కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పావు గ్లాసు మజ్జిగ చిలకరించి మూత పెట్టాను. 12 నిమిషాల్లో చపాతీ ఉప్మా సిద్ధమైంది. అబ్బాయి నిమ్మకాయ పిండుకుని రెండుసార్లు వడ్డించుకున్నాడు. చెప్పుకోదగినది ఇంకేమీ లేదు.

11వ రోజు, గురువారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన రాత్రి ఇదే. కూరల అరలో పచ్చివి, అన్నీ అడుగూ బొడుగూ మిగిలినవే: ఒక చిలగడదుంప, అరచేయంత గుమ్మడికాయ చెక్క, రెండు ములక్కాడలు, పావు ఆనపకాయ, నాలుగు బెండకాయలు, ఒక వంకాయ, మూడు చిన్న ఉల్లిపాయలు. ఇందులో ఏదీ కూరకు చాలదు. అన్నిటికీ కలిపి ఉన్న ఒకే ఒక్క మంచి గుణం, ఏ ఒక్కదానికీ ఇంకా తాలింపు పడలేదు. అంటే దప్పళం.

ముక్కలు పెద్దవిగా ఉండాలి, లేకపోతే చివరికి గరిటెకు చిక్కేది గుజ్జే. ముందుగా చిలగడదుంప, గుమ్మడి, ములక్కాడ, ఉల్లిపాయలను ఉప్పు, పసుపు, చీల్చిన పచ్చిమిర్చితో నీళ్లలో వేశాను. అవి సగం ఉడికాక ఆనపకాయ, వంకాయ చేర్చాను. నూనెలో ఒకసారి తిప్పిన బెండకాయలు చివర పడ్డాయి. చింతపండు పులుసును అప్పటిదాకా దూరంగానే ఉంచాను. పులుపు పడితే ముక్క ఉడకదని మా అమ్మమ్మ అనేది. కాయ గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో త్వరగా కరగదట. అమ్మమ్మ మాటకు కారణం అదే. ముక్క మెత్తబడిన తర్వాత నిమ్మకాయంత చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క, కారం వేసి పది నిమిషాలు మరిగించి, రెండు చెంచాల బియ్యప్పిండిని నీళ్లలో కలిపి పోసేసరికి పులుసు చిక్కబడింది. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పెట్టిన తాలింపు చుయ్యిమన్న చప్పుడుకు మావారు హాలులోంచి లేచి వచ్చి, “పండగేమిటి ఈ రోజు?” అన్నారు. 38 నిమిషాలు పట్టింది. గడువుకు రెండు నిమిషాలే మిగిలాయి.

దప్పళం పండగ వంటగానే తెలిసినా, అది తోటలోనూ బుట్టలోనూ మిగిలినవాటిని ఒక కుండలో కలిపి తినే తెలివి నుంచి పుట్టి ఉంటుందని నా ఊహ. పెళ్లిలో గాడిపొయ్యి మీద మరిగే దప్పళం కూడా పని విషయంలో ఇదే చేస్తుంది.

13వ రోజు, శనివారం

మళ్లీ పులిసిన పిండి. ఈసారి పునుగులు. రెండు చెంచాల బియ్యప్పిండి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, జీలకర్ర కలిపాను. శనివారం గనుక ఉల్లిపాయ మానేశాను. నూనె మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటాయి, మధ్యస్థంగా ఉండాలి. 30 నిమిషాల్లో అయిపోయాయి, తినడం అంతకంటే త్వరగా అయింది. ఆదివారం తూకంలో రెండో వారం 510 గ్రాములు.

15వ రోజు, సోమవారం

5వ రోజు పాఠాన్ని ఇన్నాళ్లకు ఉదయపు వంటలోకి తెచ్చాను. కుక్కర్‌లో ఉడికిన కందిపప్పును మెదిపాక, తాలింపు పెట్టక ముందే మూడో వంతు తీసి విడి డబ్బాలో పెట్టాను. అలాగే బీరకాయలు కోసినప్పుడు కూర మొత్తానికీ మసాలా వేయకుండా కొన్ని ముక్కలను ఉప్పు నీటిలో ఉడికించి పక్కకు తీశాను. బీర తొక్కలను చెత్తలో వేయక నువ్వులు, ఎండుమిర్చితో వేయించి పచ్చడి నూరాను.

రాత్రి ఆ ముద్దపప్పులో మూడు గ్లాసుల నీళ్లు, చింతపండు రసం, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ, ఉడికిన బీర ముక్కలు వేసి మరిగించి, వెల్లుల్లి దంచి తాలింపు పెడితే 20 నిమిషాల్లో పప్పుచారు వచ్చింది. ఉదయం తిన్నదే మళ్లీ తింటున్నామన్న భావన ఎవరికీ కలగలేదు. అదే పప్పు తాలింపుతో మిగిలి ఉంటే, నీళ్లు పోసినా పాత పప్పుగానే ఉండేది.

అత్తయ్యగారు ఆ డబ్బా చూసి నవ్వారు. “నేను నలభై ఏళ్లు ఇలాగే తీసి పెట్టానమ్మాయ్. పసివాళ్లకు చప్పటి పప్పు కోసమని నువ్వు అనుకున్నావు.” నేను నిజంగానే అలా అనుకున్నాను, కాపురానికి వచ్చినప్పటి నుంచీ.

18వ రోజు, గురువారం

మావారు స్నేహితుడి పుట్టినరోజు విందు నుంచి పెద్ద పొట్లం చికెన్ బిర్యానీ తెచ్చారు. మధ్యాహ్నం రెండింటికి వండినది, సాయంత్రం ఆరు వరకు కారు వెనక సీటులో ఉన్నది. ఇంట్లో దీని మీద చిన్నపాటి యుద్ధం జరిగింది. “బాగా వేడి చేస్తే సరిపోదా? నువ్వే కదా పారేయకూడదని ప్రాజెక్టు పెట్టుకున్నావు” అని ఆయన వాదన, మొదటి మాట తప్ప మిగిలినది నిజమే.

బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గట్టి బీజరూపంలో ఉడుకును తట్టుకుని బతుకుతుంది. అన్నం గోరువెచ్చగా గంటల కొద్దీ ఉంటే ఆ బీజాలు మొలిచి విషపదార్థాన్ని తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా నశించదు. వాసన, రుచి కూడా మారకపోవచ్చు. ఇదంతా నేను చెప్పి, అబ్బాయికి వచ్చే వారమే బడి తెరుస్తారని గుర్తు చేశాక పొట్లం బుట్టలో పడింది: 610 గ్రాములు, మూడు వారాల్లో ఒకేసారి పారేసిన అతి పెద్ద తూకం. లవంగాల పరిమళం వస్తున్నదాన్ని పారేయడం అంత తేలిక కాదని ఒప్పుకుంటున్నాను. ఆ రాత్రి పప్పుచారు మళ్లీ వండాను, ఎవరూ ఏమీ అనలేదు.

అయితే తరవాణి కుండ మాటేమిటని అబ్బాయి అడిగాడు. అందులోనూ అన్నం రాత్రంతా బయటే ఉంటుంది గదా. మంచి ప్రశ్న. పాత పుల్లటి నీరు కుండలో ముందే ఉండటం వల్ల కొత్తగా పడిన అన్నం త్వరగా పులుపెక్కుతుంది, పులుపు బాగా ఎక్కిన చోట ఈ సూక్ష్మజీవి పెరగలేదు. బిర్యానీకి అలాంటి కాపలా లేదు. 5వ రోజున నేను రాసుకున్న పులుపు అనే ప్రశ్న రుచికే పనికొస్తుందనుకున్నాను. అది దీనికీ పనికివచ్చింది.

21వ రోజు, ఆదివారం

మూడో వారం తూకం 870 గ్రాములు. బిర్యానీని తీసేస్తే 260. తీసేయాలా వద్దా అని మావారికీ నాకూ ఇంకా తేలలేదు, పుస్తకంలో రెండు అంకెలూ రాశాను. 21 రాత్రులలో 40 నిమిషాల గడువు దాటినవి మూడు, కరెంటు పోయి గ్రైండరు ఆగినది ఒకటి. మళ్లీ చేయకూడదని ఎర్ర సిరాతో రాసుకున్నది ఒక్క మూడు కూరల కలగలుపే.

ఈ రాత్రికి ఫ్రిజ్‌లో ఉన్నవి ఉడికిన కందిపప్పు ఒక డబ్బా, తరిగి పెట్టిన కొత్తిమీర కాడలు, అర చెక్క మామిడికాయ, రేపటి ఇడ్లీ పిండి. మామిడికాయను పప్పులో వేస్తాను.

నిన్న సంతలో నల్లటి మట్టికుండ ఒకటి కొన్నాను. ఎందుకో అత్తయ్యగారికి చెప్పనక్కరలేకపోయింది. ఆవిడ దాన్ని వేలితో కొట్టి మోత విని, కొత్త కుండ మట్టి వాసన పోవాలంటే ముందు నీళ్లలో నానాలని, తర్వాత గంజి పోసి రెండుసార్లు మరిగించాలని చెప్పారు. ప్రస్తుతం అది పెరట్లో కుళాయి పక్కన, నిండా నీళ్లతో ఉంది.